రెండు పట్నాలు, ఒక గుంట

"గది అద్దెకి ఉందాండీ?"

"లేదు."

వాన పడుతోంది. అడిగినతను చూరు కింద నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో సూట్‌కేసు, ఇంకో చేతిలో చుట్టిన పరుపు. పరుపు తడవకుండా సూట్‌కేసును దాని మీదికి ఎత్తిపట్టుకున్నాడు. తను తడుస్తున్నాడు.

"మరి గేటుకి బోర్డు ఉంది కదండీ?"

"బోర్డు మీద ఏం రాసున్నది?" అంది సుమిత్ర, గడప దాటకుండా.

అతను గేటు దాకా వెళ్ళి, రేకు మీది అక్షరాలు చదివి, తిరిగి వచ్చాడు. ఈసారి పరుపు కూడా తడిసింది.

"రూము కిరాయికి ఇవ్వబడును అని ఉందండి."

"మరింకేంది? కిరాయికి ఉన్నది. అద్దెకు లేదు."

అతను నవ్వలేదు. కోప్పడలేదు.

"అయితే కిరాయికే ఇప్పించండి. తేడా ఏంటో తర్వాత నేర్చుకుంటాను."

లోపలి నుంచి రాజవ్వ కేకేసింది. "ఎవలే పోరీ గాడ?"

"ఎవలో నానమ్మా, పరుపుకు తానం చేయిపిస్తుండు!"

అది పందొమ్మిది వందల తొంభై ఆరో సంవత్సరం. పటాన్‌చెరు పక్కన ఇంద్రేశంలో చేలు ప్లాట్లుగా మారుతున్న రోజులు. రోడ్డు పొడవునా రాళ్ళు పాతి సున్నం కొట్టారు. రాళ్ళు పాతనివ్వని కొద్దిమందిలో సుమిత్ర తండ్రి యాదగిరి ఒకడు. అతను పటేల్‌గూడ వైపు ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. షిఫ్టు దిగాక రైతు. సుమిత్ర డిగ్రీ చదివి పటాన్‌చెరులో నీళ్ళ పంపుల కంపెనీ స్టోర్స్‌లో పనిచేస్తోంది. వానలో వచ్చిన త్రినాథరావు అదే రోడ్డులో మందుల కంపెనీలో కెమిస్టుగా చేరాడు. ఊరు టెక్కలి పక్కన.

"మీరు ఏమిటోల్లు బిడ్డా?" అని రాజవ్వ మొదటి రోజే అడిగేసింది.

"కాపులమండి. తూర్పు కాపులం."

"మేం మున్నూరు కాపులం." రాజవ్వ లెక్కలో కాపు అంటే కాపే. తూర్పా పడమరా అనేది ఎండ పొడకు సంబంధించిన సంగతి. తాళంచెవి ఇచ్చేసింది.

ఆ తర్వాత పొద్దున్నే ఇద్దరూ ఒకే బస్సెక్కేవాళ్ళు. సుమిత్ర ముందు తలుపు, త్రినాథరావు వెనక తలుపు. సాయంత్రం సుమిత్ర తల్లి కౌసల్య కూర గిన్నె ఇచ్చి పంపేది.

"గోంగూర పప్పు చాలా బాగుందండి" అన్నాడు ఒకసారి గిన్నె తిరిగిస్తూ.

"మా ఇంట్ల గోంగూర ఒండలే."

"మరి ఇదేటండీ?"

"పుంటికూర. గట్ల అనకపోతే రేపటి సంది గిన్నె రాదు."

"పుంటికూర" అన్నాడు వెంటనే. మర్నాడు గిన్నె వచ్చింది. దానిలో వంకాయ. వంకాయను ఇద్దరూ వంకాయే అంటారని తేలినప్పుడు, ఎందుకో ఇద్దరికీ కాస్త నిరుత్సాహంగా అనిపించింది.

దసరా దగ్గర పడింది. ఒక సాయంత్రం అరుగు మీద అందరూ కూర్చుని ఉండగా రాజవ్వ పంచాయితీ పెట్టింది.

"నేను పట్నం రెండుపార్లు పోయిన. రెండుపార్లూ దవాఖానకే. ఒకపారి మీ నాయిన కాలు ఇరిగి, ఒకపారి నా కడుపుల గడ్డ లేసి. రోగం లేకుండ ఒక్కపారి పట్నం జూడాలె యాదగిరీ."

"పట్నంల ఏమున్నదే అవ్వా? పొగ, దుమ్ము. నలుగురం పోయి ఓటల్ల దిగితే జీతమంత ఆడనే ఒడుస్తది."

"ఓటలెందుకు? మా తమ్మునింట్ల దిగుదుమంటే నీకూ ఆనికి మాటల్లేకపాయె" అంది కౌసల్య.

"ఆని మాట తియ్యకు."

త్రినాథరావు మెట్టు మీద టీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టాడు.

"పట్నంలో మా అక్క ఉందండి. పోర్టు... పెద్ద క్వార్టర్సు. బసకి ఖర్చుండదు. తిండి కట్టుకెళ్తే దారి ఖర్చూ ఉండదు. మీరు సరేనంటే మొత్తం నేను చూసుకుంటాను."

నలుగురూ అతని వైపు తిరిగారు. పోర్టు అన్న మాట ఎవరికీ పట్టలేదు. బసకు ఖర్చుండదన్న మాట యాదగిరికి బాగా పట్టింది.

"లింగంపల్లిల రైలెక్కుదమా?"

"ముందు అక్కడే ఎక్కాలండి."

"గుట్ట మీద గుడి జూపిస్తవా?" రాజవ్వ అడిగింది.

"తప్పకుండా. పెద్ద గుడి. మెట్లెక్కలేకపోతే బస్సు కొండ మీదికే వెళ్తుంది."

"జూ?"

"ఉందండి. పులులున్నాయి."

"మరి సాగరు?"

త్రినాథరావు ముఖం వెలిగింది. "అసలు చూడాల్సింది అదే కదండీ! గట్టు మీద కూర్చుంటే పొద్దు తెలియదు. ఓడలు కనిపిస్తాయి."

"పడవలు" అని సరిచేశాడు యాదగిరి.

"ఓడలేనండి. అవతలి ఒడ్డు కూడా కనిపించదు."

"నేను జూసినప్పుడు కనవడ్డది."

"ఈయేడు వానలు మంచిగ పడ్డయి గద" అంది కౌసల్య. "నిండినట్టుంది."

పరీక్ష రాయడానికి వెళ్ళినప్పుడు సుమిత్ర హుస్సేన్‌సాగర్ గట్టు మీద నడిచింది. ఈయన కోతలు బాగానే కోస్తాడని ఆమెకు అర్థమైంది. కోతలు కోసేటప్పుడు అతని కళ్ళు తన వైపే ఎందుకు తిరుగుతున్నాయో మాత్రం కొద్దిగానే అర్థమైంది.

వారం తిరగకముందే బస్‌స్టాపులో అతను ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు. చినుకులు మొదలయ్యాయి. సుమిత్ర గొడుగు తెరిచింది. అతను సగం గొడుగులోకి, సగం వానలోకి సర్దుకున్నాడు.

"మీ నానమ్మగారి వయసెంత వెయ్యమంటారు? పెద్దవాళ్ళకి టికెట్లో తగ్గింపు ఇస్తారు. ఇవాళ రిజర్వేషన్‌కి వెళ్తున్నాను."

"లింగంపల్లి నుంచి పట్నానికి రిజర్వేషనా? ఎవలన్న నవ్వుతరు."

"లింగంపల్లి నుంచి కాదండి, సికింద్రాబాద్ నుంచి. పెద్దావిడ రాత్రంతా కూర్చుని రాలేదు కదా."

"రాత్రంత?"

"పొద్దున్నే దిగుతాం. అక్క స్టేషన్‌కి వస్తానంది."

సుమిత్ర గొడుగు వంగింది. నీళ్ళు అతని భుజం మీదికి జారాయి.

"సార్, మీ పట్నం యాడున్నది?"

"ఎక్కడుండడమేటండీ? పట్నం అంటే విశాఖపట్నమే కదా!"

బస్సు వచ్చింది. వెళ్ళిపోయింది. సుమిత్ర నవ్వుతూనే ఉంది. పక్కన సంచులు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు ఇటు చూశారు.

"మా దిక్కు పట్నమంటె హైదరాబాదు. పుట్టిన పిల్లగానికి గూడ ఎరుకే."

"కంపెనీలో అందరూ సిటీ అంటారండి" అన్నాడు త్రినాథరావు. గొంతు దిగిపోయింది. "మీ ఇంట్లో అందరూ పట్నం, సాగరం అంటుంటే, మా వైపంటే ఎంత ఇష్టమో అని మురిసిపోయాను. అక్కకి చెప్పేశాను. అమ్మ కూడా ఊరి నుంచి అక్కడికి వస్తోంది."

"మీ అమ్మెందుకు?"

అతను గొడుగు బయటికి చూశాడు. తర్వాత లోపలికి చూశాడు.

"పలాసలో ఒక సంబంధం చూసింది. దసరా దాటితే మాటిచ్చేస్తానంటోంది. అంత దూరం హైదరాబాద్ నేను రాలేను, నువ్వేం చూపించినా మన వైపుకే తెచ్చి చూపించు అంది. అందుకని... ఇక్కడో గుంట ఉంది, తీసుకొస్తున్నాను చూడమన్నాను."

"గుంట?"

"అంటే, మా వైపు ఆడపిల్లని గుంట అంటాం."

"మా దిక్కు గుంట అంటె నూట ఇరవై ఒక్క గజాల జాగ" అంది సుమిత్ర. "నేను నూట ఇరవై ఒక్క గజాలున్ననా?"

"నేను కొలవలేదండి."

అనేశాక అతని చెవులు ఎర్రబడ్డాయి. సుమిత్ర ముఖం తిప్పుకుంది. గొడుగు మాత్రం అతని వైపుకి ఇంకొంచెం జరిగింది.

"అంటె మావోల్లు ఊరు సూడ సైర్‌కు వస్తున్నరు. నేను సూపులకు వస్తున్న. గంతేనా?"

"మీకిష్టం లేకపోతే ఇవాళే చెప్పేస్తానండి. హైదరాబాదే చూసొద్దాం. అమ్మకి నేనేదో చెప్పుకుంటాను."

రెండో బస్సు వచ్చింది. సుమిత్ర ముందు తలుపు వైపు నడిచి, ఆగి, వెనక్కి చూసింది.

"నానమ్మకు అరవై ఎనిమిది. గట్లనే రాయి. మా నాయినకు నేనే నిమ్మలంగ చెప్త."

నిమ్మలంగా చెప్పే అవకాశం ఆమెకు రాలేదు. టికెట్లు తీసుకున్న రోజు త్రినాథరావు పటాన్‌చెరు చౌరస్తాలో తాజ్ మొహమ్మద్ ఎస్టీడీ బూత్ నుంచి అక్కకు ఫోన్ చేశాడు. లైను సరిగా లేదు. గట్టిగా మాట్లాడాడు. మర్నాడు షిఫ్టు దిగి వస్తున్న యాదగిరిని తాజ్ మొహమ్మద్ ఆపాడు.

"యాదగిరి భాయ్, నీ కిరాయిదారు జమీన్ మీద కన్నేసిండు. నా చెవులతోటి విన్న. గుంట నచ్చింది, వాళ్ళ నాన్నని ఇంకా అడగలేదు అంటుండు ఫోన్ల."

యాదగిరి సైకిలు ఇంటి దాకా ఆగకుండా తొక్కాడు. త్రినాథరావు అరుగు మీదే ఉన్నాడు, రాజవ్వకు రైలు టికెట్లు చూపిస్తూ. సుమిత్ర గడపలో బియ్యం ఏరుతోంది.

"సార్, ఒక్క మాట" అన్నాడు యాదగిరి, సైకిలు స్టాండు వెయ్యకుండానే. "నీకు గుంట కావాల్నంట?"

త్రినాథరావు లేచి నిలబడ్డాడు. సుమిత్ర వైపు చూశాడు. ఆమె చెప్పేసిందనుకున్నాడు.

"అవునండి. నేనే అడుగుదామనుకున్నాను. మీకు ఎలా చెప్పాలో తెలియక..."

"ఇయ్య."

"ఒక్కసారి ఆలోచించండి."

"ఆలోచన లేదు. నీకంటె ముందుగాల ఇద్దరు అడిగిన్రు. ఒకాయనైతే టేపు తెచ్చి కొలిచిండు."

"కొలిచాడా!" త్రినాథరావు గొంతు లేచింది. "మీరెలా ఊరుకున్నారండీ?"

"ఊకుంటనా? ఎల్లగొట్టిన. సగమన్న ఇయ్యిమన్నడు."

"సగమా?"

సుమిత్ర చాట ముఖానికి అడ్డం పెట్టుకుంది. చెప్పెయ్యాలి. ఇప్పుడే చెప్పెయ్యాలి. కానీ నోరు తెరిస్తే నవ్వు వచ్చేలా ఉంది.

"అలాంటి వాళ్ళతో నన్ను కలపకండి" అన్నాడు త్రినాథరావు. "నేను జీవితాంతం బాగా చూసుకుంటాను."

"ఏం జూసుకుంటవ్? నాలుగు దినాలు ఉంచుకొని, రేటు పెరగంగనే ఇంకొకనికి అమ్ముతవ్! మీ అసుంటోల్లను ఎంతమందిని సూడలే!"

త్రినాథరావు ముఖంలో నెత్తురు లేదు. "ఎంత మాటన్నారండీ" అన్నాడు మెల్లగా. "ముందు ఆవిడ ఇష్టమైనా అడగాలి కదా మీరు."

"గుంటకు ఇష్టమేంది, నీకు పిచ్చి గిట్ట లేసిందా? రేపే రూం ఖాళీ చెయ్యి. నీ పట్నమొద్దు, నీ టికెట్లొద్దు."

త్రినాథరావు టికెట్లు రాజవ్వ చేతిలోనే వదిలేసి గదిలోకి వెళ్ళాడు. పరుపు చుడుతున్న చప్పుడు వినిపించింది.

సుమిత్ర నవ్వు ఆగిపోయింది. చాట దించి లేచింది. గింజలు గడప మీద చెదిరాయి.

"నాయినా, గుంట అంటె మన జాగ కాదు."

"మరేంది?"

"వాల్ల దిక్కు గుంట అంటె ఆడివిల్ల." ఆమె కాళ్ళ దగ్గరి బియ్యం వైపు చూస్తూ మిగతాది అంది. "గుంట అంటె నేను."

పక్కగదిలో పరుపు చప్పుడు ఆగింది.

కౌసల్య వంటింట్లోంచి వచ్చింది. యాదగిరి సైకిలు మీద చెయ్యి తీశాడు. సైకిలు పడిపోయింది. ఎవరూ ఎత్తలేదు.

"నీకు ఎరుకేనా ఈ ముచ్చట?"

"ఎరుకే." ఇక దాచి లాభం లేదని తక్కినదీ చెప్పేసింది. పట్నం అంటే విశాఖపట్నమని, అక్కడికి అతని తల్లి వస్తోందని, తనకు ఇష్టమేనని.

యాదగిరి అరుగు మీద కూర్చున్నాడు.

"అంటె మాకు తెల్వకుండ మమ్ములనే తోల్కపోయి, గాడ పిల్లను సూపిద్దమనుకున్నరు. నన్ను అడగబుద్ధి కాలేదు."

"అడుగుదామనుకునే లోపల నువ్వే రూం ఖాళీ చెయ్యిమంటివి గద" అంది రాజవ్వ.

"నువ్వు నడుమల రాకే అవ్వా. గిదంత ఏం పద్ధతి? లేపుకపోయినట్టు!"

రాజవ్వ టికెట్లను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్కటే తిప్పింది. ఆమెకు చదవడం రాదు. లెక్క వచ్చు.

"లేపుకపోయేటోడు పోరి ఒక్కదానికి టికెట్ తెస్తడు బిడ్డా. గీ పిలగాడు నీకు తెచ్చిండు, నీ పెండ్లానికి తెచ్చిండు, మోకాళ్ల నొప్పుల ముసలిదాన్ని నాకు గూడ తెచ్చిండు. సద్ది మూటలతోని కుటుంబమంతటిని లేపుకపోయినోన్ని నువ్వు యాడన్న జూసినవా?"

కౌసల్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యాదగిరి నవ్వకూడదని చాలా ప్రయత్నించాడు. మీసం కదిలిపోయింది.

"పిల్లను ఇచ్చే ముందుగాల పిలగాని ఇల్లు సూసుడు మన పద్ధతే గద" అంది కౌసల్య, సందు దొరికించుకుని. "సూసొద్దం. నచ్చకుంటె సముద్రం జూసి వాపసొద్దం."

"మరి అవ్వ పట్నం?" అన్నాడు యాదగిరి.

రాజవ్వ దానికీ జవాబు వెతికి పెట్టుకుంది. "రైలు సికింద్రాబాదుల మాపటికి గద ఎక్కేది. పొద్దుగాల పోయి నా పట్నం జూసి, మాపటికి వాల్ల పట్నం రైలెక్కుదం."

యాదగిరి లేచి సైకిలు ఎత్తాడు. స్టాండు వేశాడు. గది వైపు చూడకుండా కేకేశాడు.

"సార్! పరుపు ఇప్పు. గాని ఒక్క ముచ్చట. మీ అమ్మ కాదంటె, గాడనే ఆఖరు. నా బిడ్డను మల్ల అడగొద్దు."

"అలాగేనండి" అంది గది.

వాళ్ళు దసరా మర్నాడు బయల్దేరారు. జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం, సర్వపిండి, పులిహోర నాలుగు మూటలయ్యాయి. పగలంతా రాజవ్వ తన పట్నం చూసింది. రైలెక్కి కూర్చోగానే నిద్రపోయింది. సుమిత్రకు నిద్ర పట్టలేదు. ఎదుటి పై బెర్తు మీద ఇంకొకరికీ పట్టలేదు. కింద యాదగిరి దగ్గినప్పుడల్లా ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు.

త్రినాథరావు తల్లి పైడమ్మ క్వార్టర్ గుమ్మంలో ఎదురొచ్చింది. సుమిత్రను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. కాళ్ళు కడుక్కోమంది, టీ ఇచ్చింది, చేపల పులుసు పెట్టింది. అసలు సంగతి మాత్రం ఎత్తలేదు. సాయంత్రం అందరూ సముద్రం గట్టుకి వెళ్ళారు. సుమిత్ర అలలను సరిగా చూడలేదు. ఆమె చూపంతా పైడమ్మ మీదే ఉంది. పైడమ్మ చూపు సముద్రం మీద ఉంది.

రాజవ్వ ఇసుకలో ఆమె పక్కనే కూలబడింది.

"వదినా, పిల్ల నచ్చలేదా?"

"గుంటకేటమ్మా, బంగారం" అంది పైడమ్మ. "నా భయం అది కాదు. ఇక్కడి గుంటని చేస్తే, నా కొడుకు పండక్కైనా ఇంటికొస్తాడు. అంత దూరం గుంటని చేస్తే, అక్కడే ఉండిపోతాడు. నేనొక్కదాన్నీ ఎల్లి చూసొచ్చే దూరమేటి అది?"

త్రినాథరావు నోరు తెరిచాడు. సుమిత్ర చెయ్యి పట్టుకుని ఆపింది. యాదగిరి చూశాడు. చూడనట్టు అలల వైపు తిరిగాడు.

"దూరమా?" అంది రాజవ్వ. "నిన్న ఈ పొద్దుకు నేను గాడ రైలెక్కుతున్న. ఇయ్యాల నీ పక్కన కూసున్న. నా మోకాళ్లు సూడు, నీ మోకాళ్లు సూడు. నేను రాంగలేంది నీకేమొచ్చింది?"

"రైలెక్కితే అయిపోద్దా? అంత పెద్ద ఊరు. ఎక్కడుండాలి, ఏటి తినాలి? ఎంత కర్సు!"

రాజవ్వ ఇసుకలో ఇంకొంచెం ముందుకు జరిగింది.

"ఒక్క పైస ఒడవది. నేను చెప్త ఇను. మా ఇల్లున్నది, ఓటలు మాటే లేదు. చార్మినారు పైకి ఎక్కకు, కింద నిలవడి సూడు, ఉత్తగనే కనవడ్తది. బొమ్మల మహలుకు, గదే మూజియంకు, శుక్కురారం పోకు, తలుపులు మూస్తరు. జూ శానా పెద్దగున్నది, పులి దాక నడువు, చాలు, ఆడికెంచి వాపసు రా. గుట్ట మీద గుడికాడ చెప్పులు ఇడిస్తె రాళ్లు కాల్తయి, పొద్దుగాలనే పోవాలె. సాగరు..." ఎదురుగా ఉన్న నీళ్ళ వైపు ఒకసారి చూసింది. "సాగరు నువ్వు సూడకున్నా నడుస్తది."

ఒక్క పగలు చూసిన ఊరి గురించి ఆమె చెబుతూ పోయింది. పైడమ్మ ముందు సముద్రం వైపు చూస్తూ వింది. తర్వాత రాజవ్వ వైపు తిరిగి వింది. చివరికి మధ్యలో ఆపింది.

"దారిలోకి చేపల వేపుడు కట్టుకొస్తే పాడవదు కదా?"

"పాడుగాదు. మాకు గూడ జెర ఎక్కువ తే."

త్రినాథరావు సుమిత్ర వైపు వంగాడు. ఆమె చెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది.

"ఇంతకీ మా అమ్మ ఒప్పుకున్నట్టేనా?"

"మూటలు కట్టుడు గూడ మొదలువెట్టింది" అంది సుమిత్ర. "నువ్వు జల్దీ పోయి టికెట్లు తియ్యి."